ఎర్రగుడి రాతి మీది రాజు ఊళ్లో ఒక రోజు

కైరో నుంచి పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొచ్చే అలెగ్జాండ్రియా యాత్రలో ఎనిమిది చోట్లు చూపిస్తామంటాయి ప్యాకేజీలు. నాలుగు చాలు. కాకపోతే మంచి గైడ్ దొరకాలి, అతణ్ని అడగడానికి మన దగ్గర ఒక ప్రశ్న ఉండాలి.

ఇందిరాపురంలో కాపురముంటున్న తెలుగువారికి టూరిస్టు గైడ్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఢిల్లీకి తూర్పున, ఘాజియాబాద్ జిల్లాలో, నోయిడాను ఆనుకుని లేచిన అపార్టుమెంట్ల ఊరది. పొద్దున లేస్తే ఆఫీసులు, సాయంత్రమైతే హైవే మీద ట్రాఫిక్. వేసవి సెలవులొచ్చాయంటే గుంటూరు నుంచో, వరంగల్ నుంచో అత్తమామలు, మేనత్తలు, వారి మనవలు దిగుతారు. వారికి ఒక రోజు ఢిల్లీ, ఒక రోజు ఆగ్రా చూపించడం ఆ ఇంటివారి విధి. 2012లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక ఆగ్రా మరీ దగ్గరైంది. చీకటితో బయల్దేరితే ఎండ ముదరకముందే తాజ్‌మహల్ గేటు దగ్గర ఉండొచ్చు. అక్కడ గైడ్ తగులుకుంటాడు. గంటలో తాజ్ ముగుస్తుంది. ఆ తర్వాత గంటన్నర ఏదో పాలరాతి షాపులో గడుస్తుంది. అక్కడ కొన్న పళ్లెం ధరలో గైడ్‌కు ఎంత, డ్రైవర్‌కు ఎంత వెళ్లిందో ఇంటికొచ్చాక లెక్కలు వేసుకుంటారు. శుక్రవారం తాజ్‌కు సెలవన్న సంగతి మరచి వెళ్లి, నది అవతలి నుంచి ఫొటో తీసుకుని వచ్చేవారూ ఉంటారు.

ఈ పాఠాలన్నీ మధ్యధరా సముద్రతీరంలోనూ పనికొస్తాయి. ఈజిప్టుకు వెళ్లే భారతీయ కుటుంబాల ప్యాకేజీలో పిరమిడ్లు, నైలు నది మీద పడవ ప్రయాణం, లక్సర్ గుడులు తప్పనిసరిగా ఉంటాయి. చివర్లో 'ఐచ్ఛికం' అన్న మాట పక్కన అలెగ్జాండ్రియా కనిపిస్తుంది. కైరో నుంచి దాదాపు 220 కిలోమీటర్లు. వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. అంటే ఢిల్లీ వచ్చిన విదేశీయుడికి ఆగ్రా ఎలాగో, కైరో వచ్చిన మనవారికి అలెగ్జాండ్రియా అలాగ. అదనంగా డబ్బు కట్టి, సొంత బండి, సొంత గైడ్ మాట్లాడుకుని వెళ్లే రోజు అది. ఆ రోజు ఎలా గడవాలన్నది విమానం ఎక్కకముందే, ఇందిరాపురంలో డైనింగ్ టేబుల్ దగ్గరే తేల్చుకోవాలి.

ఎందుకంటే ఆగ్రాకూ అలెగ్జాండ్రియాకూ ఒక పెద్ద తేడా ఉంది. తాజ్‌మహల్ ముందు నిలబడితే గైడ్ నోరు విప్పకపోయినా నష్టం లేదు. అలెగ్జాండ్రియాకు పేరు తెచ్చినవి మాత్రం ఇప్పుడు లేవు. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన దీపస్తంభం లేదు. ప్రాచీన గ్రంథాలయం లేదు. క్రీ.పూ. 331లో నగరానికి పునాది వేయించిన అలెగ్జాండర్‌ను అక్కడే సమాధి చేశారని చరిత్ర చెబుతోంది గానీ ఆ సమాధి జాడ ఇంతవరకు దొరకలేదు. గుడుల ముందు నిలిచిన రెండు ఏకశిలా స్తంభాలనైతే పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కించారు. ఒకటి 1878లో లండన్‌లో, మరొకటి 1881లో న్యూయార్క్‌లో నిలబెట్టారు. 'క్లియోపాత్రా సూదులు' అనేవి అవే. ఇలాంటి ఊళ్లో చెప్పేవారు లేకపోతే కనిపించేది సముద్రం, రంగు వెలిసిన మేడలు, కార్ల హారన్లు, అంతే.

రాతి మీది పేరు

తెలుగువాడు ఈ ఊరికి వట్టి చేతులతో వెళ్లనక్కర్లేదు. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి గుట్ట మీద బండరాళ్లపై అశోకుడి శాసనాలున్నాయి. ఆయన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్న అరుదైన స్థలం అది. వీటిలో పదమూడో శాసనం కళింగ యుద్ధం గురించి, ఆ యుద్ధం చూశాక రాజుకు కలిగిన పశ్చాత్తాపం గురించి చెబుతుంది. ఇకపై తాను ధర్మంతోనే జయిస్తానంటూ ఆ ధర్మవిజయం చేరిన దూరదేశపు యవన రాజుల పేర్లు అశోకుడు అందులో చెక్కించాడు. మొత్తం ఐదుగురు. వారిలో ఒకడు 'తులమాయ'. అలెగ్జాండ్రియా రాజధానిగా ఈజిప్టును ఏలిన రెండో టాలెమీ ఇతడేనని చరిత్రకారులు గుర్తించారు.

దీపస్తంభం నిర్మాణం పూర్తయింది ఈ రాజు కాలంలోనే, క్రీ.పూ. 280 ప్రాంతంలో. గ్రంథాలయానికి వెలుగు వచ్చిందీ ఇతడి కాలంలోనే. ఇతడు డయొనీసియస్ అనే దూతను భారతదేశానికి పంపాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే ఎర్రగుడి గుట్ట మీద ఉలి మోగిన రోజులకు అలెగ్జాండ్రియా రేవులో ఆ దీపం వెలుగుతూనే ఉంది.

ఎర్రగుడి దూరమనుకునే ఇందిరాపురం వాసులకు ఇదే శాసనం ఇంకాస్త దగ్గర్లో కనిపిస్తుంది. డెహ్రాడూన్ జిల్లాలో, యమున ఒడ్డున ఉన్న కాల్సీ బండ మీద కూడా ఈ ఐదుగురు రాజుల పేర్లున్నాయి. ముస్సోరీకి ఏటా వెళ్లేవారు ఒక వారాంతం దారి మళ్లితే చాలు. ఈజిప్టు ప్రయాణానికి ముందు పిల్లలకు ఆ రాయి చూపించి తీసుకెళ్తే అలెగ్జాండ్రియా వారికి పరాయి ఊరిలా అనిపించదు.

రాజుల మధ్య దూతలతోనే ఈ సంబంధం ఆగిపోలేదు. తర్వాతి శతాబ్దాల్లో అలెగ్జాండ్రియా నుంచి సరుకు నైలు మీదుగా కోప్టోస్‌కు, అక్కడి నుంచి ఒంటెల మీద ఎర్రసముద్రపు రేవులకు చేరేది. అక్కడ ఓడలెక్కి రుతుపవనాల గాలితో మన తీరానికి వచ్చేది. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన నావికుల కరదీపిక 'పెరిప్లస్' మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలు బట్ట విరివిగా తయారవుతుందని చెప్పింది. అది మచిలీపట్నం పరిసరాల్లోని కృష్ణా తీరమని పండితుల అభిప్రాయం. ఎర్రసముద్రపు రేవు బెరనికేలో తవ్వకాల్లో పాలరాతి బుద్ధ విగ్రహం బయటపడిందని 2023లో ప్రకటించారు.

నాలుగు చోట్లు చాలు

ప్యాకేజీ కాగితం మీద సాధారణంగా ఎనిమిది పేర్లుంటాయి: భూగర్భ సమాధులు, పాంపే స్తంభం, రోమన్ రంగస్థలం, గ్రీకో రోమన్ మ్యూజియం, కైత్‌బే కోట, అబుల్ అబ్బాస్ మసీదు, కొత్త గ్రంథాలయం, మోంతజా తోటలు. ఊళ్లో దక్కేది ఏడెనిమిది గంటలు. భోజనానికి గంట, ట్రాఫిక్‌కు గంటన్నర తీసేస్తే ఒక్కో చోటికి నలభై నిమిషాలు మిగలడం కష్టం. బండి దిగడం, ఫొటో తీసుకోవడం, బండెక్కడం తప్ప గైడ్ చెప్పడానికీ, మనం వినడానికీ వ్యవధి ఉండదు. అందుకే జాబితాను సగానికి కోయాలి.

మొదటిది కోమ్ ఎల్ షొకాఫా భూగర్భ సమాధులు. ఆ అరబ్బీ పేరుకు అర్థం 'పెంకుల దిబ్బ'. మన పల్లెల్లో పాత కుండపెంకులు బయటపడే పాటిదిబ్బల్లాంటిదే. 1900లో ఒక గాడిద కాలు జారి గోతిలో పడడంతో ఈ సమాధులు వెలుగులోకి వచ్చాయి. క్రీ.శ. రెండో శతాబ్దంలో రాతిని తొలిచి మూడంతస్తులుగా కట్టినవివి. నడిమి బావి చుట్టూ మెట్లు తిరుగుతూ దిగుతాయి. శవాన్ని తాళ్లతో ఆ బావిలోంచే దించేవారు. లోపల ఒక భోజనశాల ఉంది. పోయినవారి బంధువులు వచ్చి, రాతి అరుగుల మీద ఆనుకుని కూర్చుని, వారి జ్ఞాపకార్థం భోంచేసేవారు. తద్దినం భోజనం తెలిసినవారికి ఈ గది గురించి ఎక్కువ వివరించనక్కర్లేదు. తిన్న పాత్రలను అక్కడే పగలగొట్టి పోయేవారట. ఊరి పేరులోని పెంకులు అలా వచ్చినవేనని చెబుతారు.

ప్రధాన సమాధి గుమ్మం దగ్గర మాత్రం గైడ్ అవసరం పడుతుంది. అక్కడ నక్క తల అనూబిస్ దేవుడు రోమన్ సైనికుడి కవచం తొడుక్కుని నిలబడి ఉంటాడు. దేవుడు ఈజిప్టువాడు, దుస్తులు రోమ్‌వి, శిల్పంలో గ్రీకు పోకడ. మూడు జాతులు ఒక వీధిలో బతికిన ఊరు అదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నీటి ఊటతో చాలాకాలం తడిసిన ఈ సమాధుల్లో భూగర్భ జలాన్ని తోడే పథకం 2019లో పూర్తయింది. దిగడానికీ ఎక్కడానికీ వంద దాకా మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే దీన్ని మానుకుని, కోమ్ ఎల్ దిక్కాలోని రోమన్ రంగస్థలం ఎంచుకోవడం మేలు. 1960 నుంచి పోలండ్ పురావస్తు బృందాలు అక్కడ తవ్వకాలు జరుపుతున్నాయి. రంగస్థలం పక్కనే, రాతి బల్లలు వరుసగా కట్టిన పాఠశాల గదులు బయటపడ్డాయి. క్రీ.శ. ఐదు నుంచి ఏడో శతాబ్దం వరకు విద్యార్థులు కూర్చుని పాఠాలు విన్న గదులవి.

రెండోది పాంపే స్తంభం. సమాధుల నుంచి కాలినడకన వెళ్లేంత దగ్గర. అస్వాన్ ఎర్ర గ్రానైట్‌తో చేసిన స్తంభం, పీఠం నుంచి శిఖరం దాకా దాదాపు 27 మీటర్లు. దీనికీ పాంపేకూ సంబంధమే లేదు. రోమన్ సేనాని పాంపే క్రీ.పూ. 48లో ఈజిప్టు తీరాన హతుడయ్యాడు. మూడు శతాబ్దాలు గడిచాక డయొక్లీషియన్ చక్రవర్తి గౌరవార్థం ఈ స్తంభం నిలబెట్టారు. శిలువ యుద్ధాల కాలంలో వచ్చిన యాత్రికులు పాంపే చితాభస్మం దాని మీద ఉందనుకున్నారు, ఆ పేరే నిలిచింది. ఢిల్లీవారికి ఇది విచిత్రంగా తోచదు. ఇందిరాపురం నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న ఫిరోజ్‌షా కోట్లా అశోక స్తంభాన్ని కూడా ఒకప్పుడు జనం భీముడి చేతికర్ర అనుకున్నారు. పద్నాలుగో శతాబ్దంలో తోప్రా నుంచి దాన్ని తరలించి తెచ్చిన ఫిరోజ్‌షా తుగ్లక్‌కు దాని మీద ఏం రాసి ఉందో చెప్పగలిగినవారు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివాకే అది అశోకుడిదని లోకానికి తెలిసింది.

పాంపే స్తంభం నిలిచిన గుట్ట మీద ఒకప్పుడు సెరాపిస్ దేవుడి ఆలయం, దానికి అనుబంధంగా ఒక గ్రంథాలయం ఉండేవి. క్రీ.శ. 391 ప్రాంతంలో ఆలయాన్ని కూలగొట్టారు. గుట్ట కింది సొరంగాల్లో గోడలకు తొలిచిన గూళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

మూడోది కైత్‌బే కోట. సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల చివర, సరిగ్గా దీపస్తంభం ఉన్నచోట, మమ్లూక్ సుల్తాను కైత్‌బే 1477లో ఈ కోట కట్టడం మొదలుపెట్టాడు. కూలిన దీపస్తంభపు రాళ్లు కొన్ని దీని గోడల్లో కలిశాయి. దీపస్తంభం ఎత్తు వంద మీటర్లకు పైనే. కుతుబ్ మినార్ 73 మీటర్లు. పిల్లలకు అంచనా అందడానికి ఈ పోలిక చాలు.

ఈ రెండు కట్టడాలనూ కళ్లారా చూసిన యాత్రికుడు ఒకడున్నాడు. ఇబన్ బతూతా 1326లో అలెగ్జాండ్రియా వచ్చి దీపస్తంభాన్ని చూశాడు. అప్పటికే భూకంపాల దెబ్బకు ఒక పక్క కూలింది. తర్వాత అతడు ఢిల్లీ చేరి, మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో కాజీ ఉద్యోగం చేశాడు. 1349లో తిరుగు ప్రయాణంలో మళ్లీ దీపస్తంభం దగ్గరికి వెళ్తే, గుమ్మం దాకా చేరడానికి కూడా వీల్లేనంతగా శిథిలమైందని రాశాడు. పదహారు శతాబ్దాలు ఓడలకు దారి చూపిన కట్టడం ఒక మనిషి జీవితకాలంలో కనుమరుగైపోయింది.

రాళ్లు మాత్రం పోలేదు, కోట పక్కన నీటి అడుగున ఉన్నాయి. 1994లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త జాన్ ఈవ్ ఎంపరర్ బృందం అక్కడ మునిగి వేలాది రాతి ఖండాలను గుర్తించింది. 2025 జులైలో దీపస్తంభపు ద్వారబంధానివని చెబుతున్న భారీ రాళ్లతో సహా 22 ఖండాలను పైకి తీశారు. వాటిలో కొన్నింటి బరువు 70, 80 టన్నులు. వాటిని కొలిచి, కంప్యూటర్‌లో దీపస్తంభాన్ని మళ్లీ నిలబెట్టడం ఆ ప్రయత్నపు లక్ష్యం. ఎనభై టన్నుల గడప ఉన్న ఇల్లు ఎంత ఎత్తుంటుందో ఆ కోట గోడ మీద నిలబడి ఊహించుకోవడానికి అరగంట కేటాయించినా వృథా కాదు.

నాలుగోది కొత్త గ్రంథాలయం. 2002 అక్టోబర్ 16న ప్రారంభమైన బిబ్లియోథెకా అలెగ్జాండ్రీనా. ప్రాచీన గ్రంథాలయం ఉండిందనుకుంటున్న ప్రాంతానికి దగ్గర్లోనే, యునెస్కో సహకారంతో కట్టారు. నమూనా నార్వే సంస్థ స్నోహెట్టాది. 160 మీటర్ల వ్యాసంతో సముద్రం వైపు వాలిన పళ్లెంలా ఉంటుంది పైకప్పు, నీటిలోంచి లేస్తున్న సూర్యబింబం అన్నమాట. చుట్టూ ఉన్న అస్వాన్ గ్రానైట్ గోడ నిండా ప్రపంచపు లిపుల్లోని అక్షరాలు చెక్కారు. భారతీయులెవరైనా ఆ గోడ ముందు తమ అక్షరం కోసం కాసేపు వెతుక్కోవాల్సిందే. లోపల మెట్లు మెట్లుగా దిగే పఠన మందిరంలో ఒకేసారి రెండు వేల మంది చదువుకోవచ్చు. మధ్యాహ్నం వెళ్తే కాలేజీ పిల్లలు పుస్తకాల్లో తలలు దూర్చి కనిపిస్తారు. ఇది మ్యూజియంలా ఉంచిన చోటు కాదు, వాడుకలో ఉన్న గ్రంథాలయం. గ్రంథాలయం తరఫున సొంత గైడ్లు కూడా ఉంటారు.

తెలుగువారు ముందుగా చూడాల్సింది మాత్రం గేటు బయట ఉంది. కైత్‌బే దగ్గర సముద్రంలోంచి 1995లో పైకి తీసిన భారీ రాతి విగ్రహం, ఫారో వేషంలో. అది రెండో టాలెమీ విగ్రహమని గుర్తించారు. ఎర్రగుడి రాతి మీది 'తులమాయ' ఇతడే. చాలా బృందాలు టిక్కెట్టు కౌంటర్‌కు వెళ్లే తొందరలో అతడి ముందు నుంచే నడిచిపోతాయి. ఈజిప్టు గైడ్‌కు కర్నూలు జిల్లా సంగతి తెలియకపోవచ్చు. ఆ మాట అతడికి చెప్పాల్సింది వెళ్లినవారే.

గైడ్‌తో మాట్లాడుకోవాల్సినవి

ప్రైవేటు గైడ్ అంటే కారు తలుపు తీసి, టిక్కెట్లు కొనిపెట్టే మనిషి అనుకుంటే ఆ డబ్బు దండగ. ఈజిప్టులో గైడ్ పనికి ప్రభుత్వ లైసెన్సు, గైడ్ల సిండికేట్ సభ్యత్వం తప్పనిసరి. చాలామంది విశ్వవిద్యాలయంలో పర్యాటకమో, పురావస్తు శాస్త్రమో చదివినవారు. కైరో నుంచి వెంట వచ్చే గైడ్ కంటే అలెగ్జాండ్రియాలో పుట్టి పెరిగిన గైడ్‌ను అక్కడే కలుసుకునేలా మాట్లాడుకోవడం నయం. రానుపోను ఆరు గంటల రోజుకూలీ మిగులుతుంది. ఊరి గొడవలు, ఊరి రుచులు తెలిసిన మనిషి దొరుకుతాడు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టొచ్చు. ముందుగా ఫోన్‌లోనో, మెయిల్‌లోనో అడగండి: 'ప్రాచీన గ్రంథాలయాన్ని ఎవరు తగలబెట్టారు?' ఒక్క పేరు టక్కున చెప్పేవాడితో జాగ్రత్త. క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ రేవులో పెట్టిన నిప్పు కొంత నష్టం చేసింది. తర్వాతి రాజుల ఆదరణ తగ్గింది. పండితులు చెల్లాచెదురయ్యారు. నాలుగో శతాబ్దం చివర సెరాపిస్ ఆలయం కూలింది. అరబ్బు ఖలీఫా పుస్తకాలను స్నానశాలల పొయ్యిల్లో వేయించాడన్న కథ ఆ సంఘటన జరిగిందన్న కాలానికి కొన్ని శతాబ్దాల తర్వాతే పుట్టింది, చరిత్రకారులు దాన్ని నమ్మరు. ఒక్క రాత్రిలో కాలిపోలేదు, కొన్ని వందల ఏళ్లు పట్టించుకోక పోయింది. ఇంత చిక్కు ఉందని ఓపికగా చెప్పే గైడ్ దొరికితే వదలొద్దు. నేరాన్ని ఒక మతం మీదికో, జాతి మీదికో తోసేసి కథ ముగించేవాడు మిగతా చోట్ల కూడా అదే చేస్తాడు.

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. బండి ఎన్ని గంటలకు, ఎన్ని చోట్లకు? టిక్కెట్లు అందులో కలిసున్నాయా? భోజనం ఎవరి ఖర్చు? డ్రైవర్‌కు విడిగా ఇవ్వాలా? అన్నిటికంటే ముఖ్యం, అత్తరు దుకాణాల్లో, పాపిరస్ బొమ్మల షాపుల్లో ఆగకూడదన్న మాట. ఆగ్రాలో పాలరాయి ఎలాగో అక్కడ పాపిరస్ అలాగ. కొనాలనిపిస్తే తప్పులేదు, కానీ అది మన ఇష్టం మీద జరగాలి. చివర్లో ఇచ్చే ముడుపును అక్కడా 'బక్షీష్' అనే అంటారు. మాట మనకు తెలిసిందే కనుక చిల్లర నోట్లు విడిగా పెట్టుకోవడం మరవొద్దు.

కుటుంబంతో వెళ్లేవారు గైడ్‌కు ముందే చెప్పాల్సినవి ఇంకొన్ని: వెంట వచ్చే పెద్దల వయసు, పిల్లల వయసు, శాకాహారులెవరైనా ఉన్నారా, మధ్యలో విశ్రాంతి అవసరమా. పదేళ్ల పిల్లవాడికి రాజుల వంశక్రమం అక్కర్లేదు. ఇక్కడి ప్రాచీన గ్రంథాలయానికి అధిపతిగా పనిచేసిన ఎరటోస్తనీస్ నీడల కోణం కొలిచి భూమి చుట్టుకొలత ఎలా లెక్కగట్టాడో చెప్పమంటే గైడ్‌కూ హుషారు వస్తుంది.

చేపల ఊళ్లో పప్పన్నం

మధ్యాహ్న భోజనానికి కోట దగ్గరి అన్‌ఫూషీ వీధులే సరైనవి. ఐసు మీద పరిచిన చేపల్లోంచి కావాల్సింది ఎంచి, తూకం వేయించి, ఎలా వండాలో చెప్పి కూర్చోవడం అక్కడి పద్ధతి. ధర తూకానికే కడతారు కనుక వండకముందే అడగాలి. శాకాహారులు బెంగపడనక్కర్లేదు. బాకలా గింజలతో చేసే 'ఫూల్', అవే గింజలు రుబ్బి వేయించిన 'తామియా' ప్రతి సందులో దొరుకుతాయి. తామియా మన మసాలా వడకు అన్నదమ్ముల వరస. అన్నం, మసూరు పప్పు, సేమ్యా, శనగలు కలిపి పైన వేయించిన ఉల్లిపాయ చల్లే 'కొషరీ' మన ఖిచిడీకి చుట్టమని చెప్పేవారున్నారు. బ్రిటిష్ సైన్యంలోని భారతీయుల వెంట వచ్చిందనే కథ ప్రచారంలో ఉంది. ఏదేమైనా పులుపు, కారం విడిగా ఇస్తారు కనుక ఆంధ్రుల నాలుకకు ఇబ్బంది ఉండదు.

సముద్రం అంచున

నాలుగు చోట్లు చూశాక పొద్దు మిగిలితే తీరం వెంట ఉన్న కార్నిష్ రోడ్డు మీద నడవాలి. విశాఖ బీచ్ రోడ్డు ఎరిగినవారికి ఆ గాలి, ఆ జనం, పల్లీలు, మొక్కజొన్న కంకులు కొత్తగా ఉండవు. నడుస్తూ కోట వైపు చూస్తే గోడల చుట్టూ నీటిలో పోసిన కాంక్రీటు దిమ్మెలు కనిపిస్తాయి. అలల తాకిడికి కోట పునాది కరిగిపోకుండా చేసిన ఏర్పాటు అది. కోటకే కాదు, ఊరికీ ఆ భయం ఉంది. సముద్రం ముందుకు వస్తోంది, ఉప్పునీరు నేల కిందికి చేరి పునాదులు తింటోంది. గడిచిన రెండు దశాబ్దాల్లో ఇక్కడ 280 భవనాలు కూలిపోయాయని, మరో ఏడు వేలు ప్రమాదంలో ఉన్నాయని 2025లో వెలువడిన ఒక అధ్యయనం హెచ్చరించింది. దీపస్తంభాన్నీ రాజప్రాసాదాలనూ మింగిన సముద్రమే ఇప్పుడు ఇళ్ల దాకా వచ్చింది. లక్షల మంది కాపురాలున్న ఊరది.

ఈ సంగతి ఏ ప్యాకేజీ కాగితంలోనూ ఉండదు. గైడ్‌ను అడిగితే చెబుతాడు. తన వీధిలో ఏ మేడ ఒరిగిందో, చలికాలపు తుపానులో కార్నిష్ మీదికి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో అతడికి తెలుసు. ఆ మాటలు వినడానికి ఒక గంట మిగిలేలా రోజును కోసుకుంటే, మోంతజా తోటలు చూడలేదన్న వెలితి ఉండదు.

ప్రయాణ వివరాలు

ఎప్పుడు: అక్టోబర్, నవంబర్, మళ్లీ మార్చి నుంచి మే దాకా అనుకూలం. వసంతంలో అప్పుడప్పుడు ఎడారి నుంచి ఖమ్‌సీన్ ధూళిగాలి వీస్తుంది. డిసెంబర్, జనవరి నెలల్లో వర్షాలు, తుపాను గాలులు. జులై, ఆగస్టుల్లో కైరో జనమంతా ఇక్కడి బీచ్‌ల మీదే ఉంటారు.

ఎలా: ఢిల్లీ నుంచి గల్ఫ్ నగరాల మీదుగా కైరోకు విమానాలున్నాయి. కైరో నుంచి రోడ్డు మార్గం మూడు గంటలు. రైలు కూడా అంతే. ఆఫ్రికా ఖండంలో మొట్టమొదటి రైలు మార్గం ఇదే, 1856 నాటికి రెండు నగరాలనూ కలిపింది. వీసా నియమాలు మారుతుంటాయి కనుక టిక్కెట్టు కొనకముందే ఈజిప్టు రాయబార కార్యాలయంలో కనుక్కోవాలి.

ఏ రోజు: శుక్రవారం ప్రార్థనల రోజు, గ్రంథాలయం వేళలు మారతాయి. ఆదివారం నుంచి గురువారం లోపు ఎంచుకోవడం మంచిది.

రోజు క్రమం: ఉదయం ఏడింటికి కైరోలో బయల్దేరాలి. పది నుంచి పన్నెండున్నర వరకు సమాధులు, పాంపే స్తంభం. ఒంటిగంటకు భోజనం. రెండింటికి కైత్‌బే కోట. మూడున్నరకు గ్రంథాలయం, ముందు టాలెమీ విగ్రహం. పొద్దు గూకేవేళ కార్నిష్. రాత్రి తొమ్మిదిన్నరకు కైరో.

దగ్గర ఉండాల్సినవి: చాలా పురావస్తు స్థలాల్లో విదేశీయులు టిక్కెట్టుకు బ్యాంకు కార్డుతోనే చెల్లించాలి. బక్షీష్‌కు చిల్లర, మెట్లకు గట్టి చెప్పులు, సముద్రపు గాలికి ఒక శాలువా.

ఒక రాత్రి ఉండగలిగితే: 2005లో మూతపడి 2023 అక్టోబర్‌లో మళ్లీ తెరిచిన గ్రీకో రోమన్ మ్యూజియం, గ్రీకు కవి కవాఫీ నివసించిన ఇల్లు, మోంతజా తోటలు రెండో రోజుకు చాలు.